ఒకే తీగలో కబురూ కరెంటూ

(కైకలూరులో జరిగిన వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏటా ఈ వేదిక మీద నుంచి లెక్కలు చదువుతాం. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత నిలవ ఉంది. ఈసారి ఒక చిన్న పద్దు గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడటానికి మీ అనుమతి కోరుతున్నాం. లెక్కల పుస్తకంలో "చదువుల గదికి వైఫై ఏర్పాటు" అని ఒక వరుస ఉంది. దాని కిందనే "పాడైన సామాను" అని ఇంకో వరుస ఉంది. మొదటి వరుస చదివి మీరు సంతోషిస్తారు. రెండో వరుస ఎందుకు వచ్చిందో చెప్పవలసిన బాధ్యత మాది. మీరిచ్చిన ప్రతి రూపాయీ మా దగ్గర అమానతు. అమానతులో నష్టం జరిగితే పుస్తకంలో ఒక మూల రాసి ఊరుకుంటే సరిపోదు, సొమ్ము ఇచ్చినవారి ముందు నిలబడి చెప్పాలి.

ముందుగా ఒక మాట. ఈ పనికి జకాత్ సొమ్ములో ఒక్క పైసా వాడలేదు. జకాత్ ఖాతా వేరు, అది హక్కుదారులకే చేరుతుంది. వైఫైకి పెట్టినదంతా మీరు విద్యాభివృద్ధి కోసమని విడిగా ఇచ్చిన విరాళం.

మన భవనం మీకు తెలిసిందే. కింద వీధి వైపు ఆఫీసు గది. స్తంభం మీద నుంచి వచ్చే ఫైబరు తీగ ఆ గదిలోకే దిగుతుంది. రూటరు అక్కడే, ఇన్వర్టరూ అక్కడే. పిల్లలు చదువుకునేది మాత్రం మేడ మీద. ముందున్న హాలు మగపిల్లలది, వెనుక గది ఆడపిల్లలది. 2020లో బడులు మూతపడి పాఠాలు ఫోనులోకి వచ్చిన రోజుల్లో ఈ కనెక్షను పెట్టించాం. ఆ ఏడాది సావనీరులో ఆ సంగతి గర్వంగా రాసుకున్నాం కూడా.

కానీ రూటరుకూ మేడకూ మధ్య ఇనుప చువ్వలు పరిచి పోసిన కాంక్రీటు శ్లాబు ఉంది. వైఫై అంటే రేడియో తరంగమే. ఇనుమూ, తడిసిన గోడా, నీళ్ళ ట్యాంకూ దాన్ని మింగేస్తాయి. సిగ్నలు మెట్ల మలుపు దాకా వచ్చి ఆగిపోయేది. అందుకని మగపిల్లలు మెట్ల మీద వరుసగా కూర్చుని చదువుకునేవాళ్ళు. ఆడపిల్లలకు ఆ వీలు లేదు. వచ్చేపోయేవాళ్ళ మధ్య మెట్ల మీద కూర్చోవడం వాళ్ళకూ ఇష్టం లేదు, వాళ్ళ అమ్మలకూ ఇష్టం లేదు. వెనుక గదిలోకి సిగ్నలు రానే రాదు. అంటే ఇంటర్నెట్ పెట్టామని మేము సావనీరులో రాసుకున్న రోజు నుంచీ మన పిల్లల్లో సగం మందికి అది అందనే లేదు. ఈ విషయం గ్రహించడానికి మాకు చాలా కాలం పట్టింది. ఒక తల్లి వచ్చి, "అన్నా, మా అమ్మాయి రోజూ ఇక్కడికి వచ్చి కూడా నెట్ కోసం నా ఫోనే అడుగుతోంది, ఎందుకని?" అని అడిగితే గాని మాకు తెలియలేదు.

ఇప్పుడు పిల్లల చదువులో దరఖాస్తు అంటే ఆన్‌లైనే. ఎంసెట్ పేరు మారి ఈఏపీసెట్ అయింది. ర్యాంకు వచ్చాక ఏ కాలేజీ కావాలో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. స్కాలర్‌షిప్ అయినా అంతే, హాల్ టికెట్ అయినా అంతే. 2022 ఏప్రిల్ 4న మన కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అప్పటిదాకా కాగితం పనికి బందరు పోయేవాళ్ళం, ఇప్పుడు ఏలూరు పోతున్నాం. దారి కొల్లేటి మీదుగా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరంతా కొల్లేటికి చేరినప్పుడు ఈ ప్రాంతం ఎలా ఉందో మీకు చెప్పనక్కరలేదు. దారి లేని రోజున ఊళ్ళోనే నమ్మకంగా నెట్ దొరికే చోటు ఒకటి ఉండాలి. పిల్లలకూ ఉండాలి, పెద్దలకూ ఉండాలి.

మేడ మీదికి నెట్ చేర్చాలంటే యాక్సెస్ పాయింట్ అనే పెట్టె పెట్టాలి. అదేమీ కొత్త కనెక్షను కాదు. రూటరు దగ్గరున్న నెట్‌ను తీగ ద్వారా తీసుకుని తానున్న చోట వైఫైగా పంచుతుంది. వేసవిలో మనం చలివేంద్రం పెడతాం కదా, అలాంటిదే. బావి ఎక్కడున్నా కుండ మాత్రం బాటసారి నడిచే చోట ఉండాలి. పిల్లలు ఎక్కడ కూర్చుంటారో ఆ గది పైకప్పుకు, నడిమధ్యలో ఈ పెట్టెను బిగించాలి. తీగ లేకుండా సిగ్నలును అందుకుని మళ్ళీ పంపే రిపీటర్లు కూడా దొరుకుతాయి. కానీ వచ్చేదే బలహీనమైన సిగ్నలు అయితే వాళ్ళు పంచేదీ అదే. అందుకని తీగే మేలనుకున్నాం.

చిక్కు కరెంటు దగ్గర వచ్చింది. పైకప్పు మధ్యలో ప్లగ్గు ఉండదు. కొత్తగా పాయింటు లాగాలంటే గోడలు కొట్టాలి, పైపులు వేయాలి. వానాకాలంలో చెమ్మ ఎక్కే ఆ కప్పులోకి 230 వోల్టుల తీగ తీసుకుపోవాలి. పైగా మేడ మీది లైను ఇన్వర్టరు మీద లేదు. ఊళ్ళో కరెంటు పోతే కింద రూటరు వెలుగుతూనే ఉంటుంది, పైన పెట్టె ఆరిపోతుంది. ఈ మాటలు నడుస్తుండగా అక్కడే చదువుకుంటున్న ఇంజనీరింగు కుర్రాడు ఒకడు, "చాచా, నెట్ వచ్చే తీగలోనే కరెంటు కూడా పంపొచ్చు. వేరే పాయింటు అక్కరలేదు" అన్నాడు. మాలో పెద్దవారు ఒకరు వెంటనే, "ఒకే తీగలో రెండూనా? పిల్లలు కూర్చునే గది బాబూ అది. ఏమైనా అయితే?" అన్నారు.

ఆ పెద్దాయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఆయన జ్ఞాపకంలోనే ఉంది. పాత రోజుల్లో ఇళ్ళల్లో ఉన్న నల్ల టెలిఫోను గుర్తు చేసుకోండి. దానికి ప్లగ్గు ఎక్కడుండేది? ఎక్కడా ఉండేది కాదు. తుఫాను వచ్చి ఊరంతా చీకటైనా తీగ తెగకపోతే ఫోను పలికేది. ఎందుకంటే ఎక్స్ఛేంజిలో ఉన్న బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు అదే రాగి తీగల మీద ఇంటిదాకా వచ్చేది. మాటా, ఆ మాటకు కావలసిన శక్తీ ఒకే జత తీగల మీద నడిచేవి. తరువాత ఫైబరు వచ్చింది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు మన రాష్ట్ర ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. ఆ తీగలు కరెంటు స్తంభాల మీదుగానే పల్లెలకు నడిచాయి. ఫైబరులో పోయేది వెలుగు. వేగం ఎంతైనా ఉంటుంది గాని ఆ గాజు తీగలో కరెంటు ప్రవహించదు. అందుకని ఇంటి దగ్గర పెట్టెకు మన కరెంటు మనమే ఇవ్వాలి. రూటరు నుంచి యాక్సెస్ పాయింట్ దాకా వేసేది మాత్రం రాగి తీగే. పాత టెలిఫోను పద్ధతి అక్కడ మళ్ళీ పనికొస్తుంది. దీన్నే పవర్ ఓవర్ ఈథర్‌నెట్ అంటారు, పొట్టిగా పీవోఈ.

ఆ నెట్ కేబులును చీల్చి చూస్తే లోపల ఎనిమిది సన్నటి తీగలుంటాయి. రెండేసి మెలిపెట్టి నాలుగు జతలు. కబురు ఒక తీగలో ఉండదు, జతలోని రెండు తీగల మధ్య ఉండే తేడాలో ఉంటుంది. ఒకటి కొంచెం పైకి, ఇంకొకటి కొంచెం కిందికి పోతుంటే ఆ తేడాను అవతలి పెట్టె చదువుకుంటుంది. కరెంటును మాత్రం జతలోని రెండు తీగల మీదా సమానంగా పెడతారు. రెండింటి మధ్య తేడా మారదు కనుక కబురు చెడదు. ఉప్పుటేరులో పోటు వచ్చినప్పుడు పక్కపక్కన కట్టేసిన రెండు దోనెలు కలిసే పైకి లేస్తాయి కదా. ఒక దోనెలో వాడు రెండో దోనెలో వాడితో మాట్లాడటానికి ఆ పోటు అడ్డం రాదు. ఇదీ అంతే. ఒక జత మీద కరెంటు వెళుతుంది, ఇంకో జత మీద తిరిగి వస్తుంది. చివర ఉన్న పెట్టె కబురును ఒక పక్కకు, కరెంటును ఒక పక్కకు తీసుకుంటుంది.

48 వోల్టులే ఎందుకు, పెట్టెకు కావలసింది 12 వోల్టులే కదా అని కొందరు అడిగారు. చేపల చెరువులున్నవాళ్ళకు ఇది తేలిక. సన్నటి పైపులో దూరానికి నీళ్ళు పోవాలంటే మోటారు ఒత్తిడి ఉండాలి. మన తీగ పొడవు 40 మీటర్లు. మంచి రాగి తీగ అయినా పోనూ రానూ కలిపి దాని నిరోధం సుమారు మూడున్నర ఓములు. 12 వాట్లు తినే పెట్టెకు 12 వోల్టుల మీద పంపితే ఒక ఆంపియరు ప్రవహించాలి. దారిలోనే మూడున్నర వోల్టులు పోతాయి, చివరికి ఎనిమిదిన్నర మిగులుతుంది. దానితో పెట్టె నిలబడదు. అదే 12 వాట్లను 48 వోల్టుల మీద పంపితే పావు ఆంపియరు చాలు. దారిలో పోయేది ఒక వోల్టు లోపే. తీగలో వేడిగా వృథా అయ్యే శక్తి పదహారో వంతుకు తగ్గుతుంది. వృథా తగ్గించడం మన ధర్మమే కదా.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాం. పని మొదలుపెట్టిన రోజున మాకు ఇందులో సగం కూడా తెలియదు. మేము మూడు తప్పులు చేశాం. మూడూ చెబుతాం.

మొదటి తప్పు, రూటరుకు తీగ గుచ్చితే చాలు కరెంటు అదే వస్తుందనుకోవడం. యాక్సెస్ పాయింట్ కొన్నాం, తీగ వేశాం, గుచ్చాం. దీపం వెలగలేదు. ఇళ్ళకు ఇచ్చే మామూలు రూటరు నెట్ మాత్రమే ఇస్తుంది, కరెంటు ఇవ్వదు. కొన్ని రూటర్లకు మాత్రమే కరెంటు బయటికి పంపే పోర్టు ఉంటుంది. ఆ పోర్టు దగ్గర పీవోఈ అవుట్ అని రాసి ఉంటుంది. అది లేకపోతే రూటరుకూ తీగకూ మధ్యలో ఇంజెక్టరు అనే చిన్న పెట్టె పెట్టాలి. ఒక వైపు రూటరు నుంచి నెట్ లోపలికి వస్తుంది, గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటుంది, రెండూ కలిపి అవతలి వైపు తీగలోకి పంపుతుంది. రెండు మూడు యాక్సెస్ పాయింట్లు ఉంటే ఇంజెక్టర్ల బదులు పీవోఈ స్విచ్ ఒకటి పెట్టుకోవచ్చు.

రెండో తప్పు పెద్దది. చవకలో వస్తుందని ఒక ఇంజెక్టరు కొన్నాం. 24 వోల్టులది. మేము కొన్న యాక్సెస్ పాయింట్‌కు ఆ 24 వోల్టులే కావాలి, అందుకని వెంటనే పని చేసింది. నెలల తరబడి పని చేసింది. ఇక చింత లేదనుకున్నాం. ఆ ఇంజెక్టరుకు ఒక గుణం లేదని మాకు తెలియదు. దానికి అడగడం రాదు.

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి ప్రమాణం ప్రకారం తయారైనది. అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్ఈ 2003లో 802.3ఏఎఫ్ అనే ప్రమాణం తెచ్చింది. ఆ రకం పరికరం తీగ గుచ్చగానే కరెంటు పంపదు. ముందు పది వోల్టుల లోపు చిన్న కరెంటు పెట్టి చూస్తుంది. అవతల పీవోఈ తీసుకునే పెట్టె ఉంటే దానిలో 25 కిలో ఓముల గుర్తు కనబడుతుంది. అది కనబడితే, నీకెంత కావాలి అని అడుగుతుంది. జవాబు వచ్చాకే అసలు కరెంటు వదులుతుంది. జవాబు రాకపోతే ఏమీ పంపదు. మధ్యలో తీగ పీకేస్తే సెకను కూడా గడవక ముందే ఆపేస్తుంది. ఒకరి ఇంటికి వెళితే మనం చేసేది ఇదే కదా. గుమ్మంలో నిలబడి సలాం చెబుతాం. జవాబు వస్తే లోపలికి వెళతాం. మూడుసార్లు చెప్పినా జవాబు రాకపోతే వెనక్కి తిరుగుతాం. రెండో రకానికి ఈ మర్యాద లేదు. దాన్ని పాసివ్ అంటారు. ప్లగ్గు పెట్టిన క్షణం నుంచీ, అవతల ఎవరున్నా, వాళ్ళకు కావలసినా అక్కరలేకపోయినా, కరెంటు తోస్తూనే ఉంటుంది. మేము కొన్నది అది.

వెబ్ ఆప్షన్లకు ఆఖరి రోజు. ఆడపిల్లల గదిలో ఒక అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ కంప్యూటరు ఒక దాత ఇచ్చింది, ఆయన ఈ సభలోనే ఉన్నారు. ఆ సాయంత్రం వైఫై నెమ్మదిగా ఉంది. సాయం చేయడానికి వచ్చిన మాలో ఒకరు, తీగ నేరుగా పెడితే వేగంగా వస్తుంది కదా అని స్టూలు ఎక్కి యాక్సెస్ పాయింట్ నుంచి తీగ పీకి కంప్యూటరు వెనుక గుచ్చారు. ఆలోచన మంచిదే. ఆ తీగలో కరెంటు ఉందన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. తీగ మీద చీటీ కూడా అంటించలేదు. కాలిన వాసన వచ్చింది. కంప్యూటరుకు నెట్ పోర్టు పోయింది. అదృష్టం, మిగతా కంప్యూటరు మిగిలింది, అమ్మాయికి ఏమీ కాలేదు. కానీ గడియారం నడుస్తోంది.

ఆ రాత్రి ఆ అమ్మాయి ఆప్షన్లు ఒక సభ్యుడి ఫోను మీద పెట్టాం. కాలేజీల జాబితా కాగితం మీద రాసుకుని ఒకరు చదువుతుంటే ఆమె ఒక్కొక్కటే ఎక్కించింది. వాళ్ళ నాన్న కింద వీధిలో సైకిలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. గడువు లోపలే ముగించాం. ఆమెకు సీటు వచ్చింది, అల్‌హందులిల్లాహ్. రాకపోయి ఉంటే? మూడేళ్ళు మెట్ల మీద కూడా చోటు దొరకని పిల్ల, చివరికి గదిలోకి నెట్ వచ్చిన ఏడాది, మా చవక బేరం వల్ల సీటు పోగొట్టుకునేది. ఆ రోజు తరువాత మేము ఈ విషయం కూర్చుని నేర్చుకున్నాం. కంప్యూటరు ఇచ్చిన దాతను ఈ సభాముఖంగా క్షమించమని కోరుతున్నాం. చిన్న యూఎస్‌బీ అడాప్టరుతో ఆ కంప్యూటరు మళ్ళీ నెట్‌లోకి వచ్చింది, పిల్లలు వాడుతున్నారు.

మూడో తప్పు కేబులు. చవక కేబులు పైకి రాగిలా కనబడుతుంది. బ్లేడుతో గీస్తే లోపల తెల్లగా ఉంటుంది. అల్యూమినియం మీద రాగి పూత. కొన్నిటి పెట్టె మీద సీసీఏ అని సన్నగా రాసి ఉంటుంది. అల్యూమినియం తీగ నిరోధం రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. కరెంటు పంపితే వేడెక్కుతుంది. వంచితే విరుగుతుంది. కొల్లేటి గాలిలో చెమ్మకు చివర్లు తొందరగా తినేస్తాయి. ఆ సాయంత్రం వైఫై నెమ్మదించడానికి కారణం కూడా వదులైన ఆ చివరే అని తరువాత తేలింది. పాత కేబులంతా తీసేసి అసలు రాగి క్యాట్ 6 కేబులు వేశాం.

ఇప్పుడున్న ఏర్పాటు చెబుతాం. ఆఫీసు గదిలో రూటరు పక్కన చిన్న పీవోఈ స్విచ్ ఉంది, ప్రమాణం ప్రకారం అడిగి ఇచ్చేది. దాని నుంచి రెండు తీగలు మేడ మీదికి. హాలులో ఒక యాక్సెస్ పాయింట్, ఆడపిల్లల గదిలో ఒకటి. రెండూ ఏఎఫ్ ప్రమాణానివే. స్విచ్, రూటరు, ఫైబరు పెట్టె మూడూ ఇన్వర్టరు మీద. కనుక ఊళ్ళో కరెంటు పోయినా పైన పెట్టెలు ఆరవు. అన్నీ కలిపి తినేది 40 వాట్ల చుట్టుపక్కల. రోజంతా వేసినా ఒక యూనిట్టు లోపే. మన ఇన్వర్టరు బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లది. లెక్కకు 1800 వాట్ అవర్లు. బ్యాటరీని సగానికి మించి దించకూడదనుకున్నా, ఇన్వర్టరు తనకోసం తాను తినేది తీసేసినా, రాత్రంతా నిలుస్తుంది. పెట్టె మొరాయిస్తే నిచ్చెన ఎక్కనక్కరలేదు. కిందనే స్విచ్ దగ్గర తీగ తీసి మళ్ళీ పెడితే పైన పెట్టె ఆరి వెలుగుతుంది. పాత 24 వోల్టుల యాక్సెస్ పాయింట్‌ను పారేయలేదు. దాని ఇంజెక్టరుతో సహా కింద వరండాలో, ఎవరి చేతికీ అందని ఎత్తులో బిగించి, తీగకు రెండు చివర్లా ఎర్ర చీటీలు అంటించాం.

మీ ఇళ్ళల్లో, దుకాణాల్లో, చెరువుల దగ్గర షెడ్లలో కెమెరాలకు కూడా ఈ పద్ధతే వస్తోంది. కాబట్టి మేము డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న మాటలు కొన్ని మీకు ఊరికే చెబుతాం. పెట్టె వెనుక ఏ ప్రమాణం రాసి ఉందో చూసి కొనండి. ఏఎఫ్ అయితే పంపే చోట 15.4 వాట్లు, 100 మీటర్ల తీగ నష్టం పోను పెట్టెకు 12.95 వాట్లు చేరతాయి. 2009లో వచ్చిన ఏటీ ప్రమాణం అయితే 30 వాట్లు పంపితే 25.5 చేరతాయి. 2018లో వచ్చిన బీటీ 90 వాట్ల దాకా పంపుతుంది, మన అవసరాలకు అంత అక్కరలేదు. స్విచ్‌కు నాలుగు పోర్టులున్నాయని నాలుగు పెట్టెలు పెట్టేయకండి. అన్నీ కలిపి ఎన్ని వాట్లు ఇవ్వగలదో చూసుకోండి. తీగ 100 మీటర్లు దాటకూడదు. 230 వోల్టుల వైరు పోయే పైపులో దీన్ని దూర్చవద్దు. బయటి నుంచి గోడలోకి తీగ దూరే ముందు కిందికి ఒక వంపు ఉంచండి, వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి బయటి గాలిలో రాగి తీగ లాగవద్దు, పిడుగుకు దారి చూపినట్టవుతుంది. అక్కడ ఫైబరే మేలు. అన్నిటికీ మించి, తీగకు రెండు చివర్లా చీటీ అంటించండి.

పెద్దలు కొందరు ఇంకో భయం చెప్పారు. నెట్ ఇస్తే పిల్లలు చదువు మాని ఇంకేమైనా చూస్తారేమో అని. అది మా భయం కూడా. చదువుల గది తెరిచి ఉన్నంతసేపే వైఫై నడుస్తుంది. నమాజు వేళ ఆగుతుంది, రాత్రి గది మూసేటప్పుడు ఆగిపోతుంది. స్విచ్ కింద ఉంది కనుక ఆపడం తేలిక. గదిలో ఒక పెద్దవారు ఎప్పుడూ ఉంటారు. ఇంతకు మించిన కాపలా ఇంట్లో తల్లిదండ్రులదే. ఆడపిల్లల గదిలో పెట్టె బాధ్యత ఇప్పుడు పాలిటెక్నిక్ చదివే ఇద్దరు అమ్మాయిలది. కేబులు చివర బిగించడం కూడా వాళ్ళే నేర్చుకున్నారు. స్టూలు ఎక్కి మగవాళ్ళు ఆ గదిలోకి రావలసిన పని తప్పింది.

ఇక దాతలకు మా విన్నపం. మీలో ఎవరైనా ఫ్యాను ఇస్తే రెక్క మీద పేరు రాయిస్తాం. బీరువా ఇస్తే తలుపు మీద రాయిస్తాం. అది మంచి ఆనవాయితీ, దాన్ని చూసి ఇంకొకరు ఇస్తారు. కానీ గోడలో పోయే తీగ మీద ఎవరి పేరు రాయగలం? మంచి రాగి కేబులుకు, అడిగి ఇచ్చే స్విచ్‌కు నాసిరకం కంటే కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. ఆ ఎక్కువ ఎవరికీ కనబడదు. కనబడని చోట మేము పొదుపు చేయబోయాం, నష్టం కనబడే చోట వచ్చింది. వచ్చే ఏడాది విద్యా ఖాతాలో మరమ్మతుల కోసం విడిగా ఒక చిన్న నిధి ఉంచాలని కార్యవర్గం నిర్ణయించింది. దానికి ఇచ్చేవారిది గుప్తదానమే. ఆ వంద మీటర్ల లోపు తీగ మీద ఏ పిల్ల ఏ పాఠం విన్నా, ఏ ఫారం నింపినా ఆ సవాబులో వారికీ వాటా ఉంటుంది, ఇన్షా అల్లాహ్.

డబ్బు కాక ఇంకో రెండు అడుగుతున్నాం. ఇంట్లో వాడకుండా పక్కన పెట్టిన, పని చేసే కంప్యూటర్లు ఉంటే ఇవ్వండి. ఇచ్చే ముందు ఒక్కసారి మమ్మల్ని అడగండి, మాకు కావలసింది ఏదో చెబుతాం. అలాగే కరెంటు పనీ నెట్‌వర్కు పనీ తెలిసిన యువకులు నెలకు రెండు గంటలు ఇవ్వండి. ఆ రెండు గంటలు ఆ రోజు మాకు ఉండి ఉంటే "పాడైన సామాను" అన్న వరుస ఈ పుస్తకంలో ఉండేది కాదు.

ఈ పని వల్ల మాకు మిగిలిన పాఠం ఒకటే. ఇవ్వడం ఒక్కటే చాలదు. అవతల ఎవరున్నారో, వాళ్ళకు ఎంత కావాలో అడిగి ఇవ్వాలి. ఆడపిల్లల గదికి ఏం కావాలో మేము మూడేళ్ళు అడగలేదు. అడిగే వివరం లేని ఇంజెక్టరును తప్పుపట్టే ముందు ఆ మాట మాకే వర్తిస్తుందని ఒప్పుకుంటున్నాం. వచ్చే ఏడాది నుంచి ఏ పని మొదలుపెట్టినా ముందు ఆ పని ఎవరి కోసమో వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుంటాం.

సభ ముగిశాక ఒక్కసారి మేడ ఎక్కి చూసి వెళ్ళండి. పైకప్పుకు పళ్ళెమంత తెల్లటి పెట్టె, దాని మధ్యలో చిన్న దీపం. ఆ దీపానికి వేరే తీగ ఎక్కడుందా అని వెతకవద్దు, లేదు. మెట్ల మలుపు దగ్గర కూడా ఒకసారి ఆగండి. ఇప్పుడక్కడ ఎవరూ కూర్చోవడం లేదు.